ఆ సొమ్ము ముట్టుకోవచ్చా?



మ్రానికొమ్మల ఆదివారం నాడు పూజ ముగిసి, అందరూ కొమ్మలు పట్టుకొని ఇళ్ళకు మళ్ళాక, ఒక తల్లి గుడి మెట్లమీద అలాగే కూర్చుండిపోయింది. ఒడిలో నాలుగు నెలల పసిబిడ్డ. ఆ బిడ్డ ఆమె మనుమరాలు. బిడ్డను కన్న రాత్రే ఆమె కూతురు చనిపోయింది. భూస్థాపన చేసినవాణ్ణి నేనే కాబట్టి సంగతి నాకు తెలుసు. “ఏమ్మా, ఇంటికి వెళ్ళలేదే?” అన్నాను. ఆమె లేచి కొంగు సర్దుకొని, “ఫాదరుగారండీ, ఇవాళ సువిశేషంలో యూదా పారేసిన డబ్బు రక్తపు సొమ్మని, దాన్ని గుళ్ళో వేసుకోగూడదన్నారని చదివారు గదండీ. మరి మా పిల్ల పోయినందుకు ఆసుపత్రోళ్ళు ఇచ్చిన డబ్బు కూడా అట్టాంటిదేనాండీ? ముట్టుకుంటే పాపమా?” అని అడిగింది.

జరిగింది చెబుతాను. ఊరి పేరు, ఆసుపత్రి పేరు మీకు అక్కరలేదు. పట్నంలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోము. నొప్పులు మొదలైన రోజు పొద్దున్నే తీసుకువెళ్ళారు. సాయంత్రం మామూలు కాన్పే అయింది. డాక్టరమ్మగారు ఇంటికి వెళ్ళారు. గంట తరువాత రక్తస్రావం మొదలైంది. డ్యూటీలో ఉన్న నర్సు ఫోను చేస్తే డాక్టరమ్మగారు వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. అక్కడ రక్తం నిల్వ లేదు. గుంటూరు తీసుకుపొమ్మన్నారు. దారిలో అంబులెన్సులోనే ప్రాణం పోయింది. తెల్లవారేసరికి బంధువులు శవాన్ని ఆసుపత్రి ముందు పెట్టి కూర్చున్నారు. అద్దాలు పగిలాయి. పోలీసులు వచ్చారు. పొద్దుగూకేలోగా పెద్దమనుషులు కూర్చొని నాలుగు లక్షలకు తేల్చారు. స్టాంపు కాగితం మీద అల్లుడు సంతకం పెట్టాడు. ఈ తల్లి వేలిముద్ర వేసింది. ఆ డబ్బు బ్యాంకులో అలాగే ఉంది. అందులోనుంచి తీసి బిడ్డకు పాలడబ్బా కొనాలన్నా తనకు చెయ్యి రావడం లేదని ఆమె అంటుంది.

ఆ మెట్లమీదే నిలబడి ఏదో నాలుగు మాటలు చెప్పి పంపించాను. ఆమెకు తృప్తి కలగలేదు, నాకూ కలగలేదు. అందుకే ఇప్పుడు మీతో కలిసి ఆలోచిస్తున్నాను.

మొదట డబ్బు సంగతి. ప్రధానార్చకులు దేవాలయ నిధిలో వేసుకోవడానికి జంకిన సొమ్ము నిరపరాధిని పట్టి ఇవ్వడానికి చెల్లించిన వెల. ఇది అటువంటిది కాదు. నిర్గమకాండము 21వ అధ్యాయం తెరిచి చూడండి. ఒకడు మరొకణ్ణి గాయపరిస్తే, దెబ్బతిన్నవాడు పని చేయలేకపోయిన రోజులకు నష్టం కట్టివ్వాలని, అతనికి పూర్తిగా నయమయ్యేదాకా వైద్యం చేయించాలని అక్కడ ఉంది. పునీత తోమాసు అక్వినాసు నష్టపరిహారాన్ని దానధర్మాల కింద లెక్కకట్టలేదు, న్యాయం కింద లెక్కకట్టారు. ఒకరికి చేసిన నష్టాన్ని పూడ్చడం రక్షణకు అవసరమని కూడా చెప్పారు. ఆ నాలుగు లక్షలు కూతురి ప్రాణానికి వెల కాదు. ప్రాణానికి వెల కట్టడం ఎవరి తరమూ కాదు. కానీ ఆ బిడ్డకు కలిగిన లోటులో డబ్బుతో పూడ్చగలిగిన భాగం కొంత ఉంది. పాలు, మందులు, రేపటి చదువు, తల్లి మిర్చి కోతకు వెళ్ళి తెచ్చే కూలి. ఆ భాగం బిడ్డకు రావలసిన బాకీ. బాకీ వసూలు చేసుకోవడం పాపం కాదు. ఆ సొమ్ము ముట్టుకోవచ్చు.

ఇంతవరకు గురువిద్యాలయంలో చదివిన చదువుతోనే చెప్పవచ్చు. అయితే తరువాతి వారం ఆ స్టాంపు కాగితం నకలు తెప్పించుకొని చదివాను. అందులో ఏముందో తెలుసా? అమ్మాయికి మొదటినుండి రక్తహీనత ఉన్నదట. ఇంటివారు బాగా ఆలస్యం చేసి తీసుకువచ్చారట. ఆసుపత్రివారు చేయవలసినదంతా చేశారట. ఇకమీదట ఏ కోర్టులోను, ఏ అధికారి దగ్గరా ఫిర్యాదు చేయబోమట. పొద్దున్నే తీసుకువెళ్ళిన తల్లి, ఆలస్యంగా తీసుకువెళ్ళానని వేలిముద్ర వేసింది. అంటే కూతురి చావుకు కొంత తానే కారణమని ఒప్పుకున్నది. ఆమెకు చదువు రాదు, కానీ ఎవరో చదివి వినిపించారు. ఆమె చేతిని వెనక్కు లాగుతున్నది డబ్బని ఆమె అనుకుంటున్నది. నాకు మాత్రం ఆ వాక్యమే లాగుతున్నదని తోచింది.

ఇక్కడినుండి ప్రశ్న మారిపోయింది. వైద్యంలో పొరపాటు జరిగినప్పుడు చట్టం ఎవరిని కాపాడాలి, ఎంతవరకు కాపాడాలి అనే వాదం మన దేశంలో ముప్పై ఏళ్ళకు పైగా నడుస్తున్నది. 1986 వినియోగదారుల రక్షణ చట్టం డబ్బు తీసుకొని చేసే వైద్యానికి కూడా వర్తిస్తుందని 1995 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. రోగి కొట్లో సరుకు కొనుక్కునేవాడైపోయాడని డాక్టర్లు బాధపడ్డారు. 2005లో అదే కోర్టు, స్వతంత్రుడైన మరొక వైద్యుడి అభిప్రాయం తీసుకోకుండా డాక్టర్ల మీద క్రిమినల్ కేసు నడపకూడదని, మామూలుగా అరెస్టు చేయకూడదని కట్టడి చేసింది. 2024 జూలైలో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే ఇతరులకు అయిదేళ్ళ వరకు, రిజిస్టరైన వైద్యుడికి రెండేళ్ళ వరకు శిక్ష పెట్టారు. అసలు జైలే వద్దని వైద్య సంఘాలు అంటున్నాయి. ఇది కూడా చాలదని చావు చూసిన ఇళ్ళవాళ్ళు అంటున్నారు.

అమెరికాలో ఈ తగవు ఇంకా పాతది. 1975లో కాలిఫోర్నియా రాష్ట్రం, బాధకు, వేదనకు ఇచ్చే పరిహారం రెండున్నర లక్షల డాలర్లు దాటకూడదని హద్దు పెట్టింది. 2022లో చట్టం మార్చేదాకా, దాదాపు యాభై ఏళ్ళు, ఆ అంకె కదలలేదు. ఆ దేశంలోనే జరిగిన ఒక పరిశీలన గురించి తెలుసుకుంటే ఇరుపక్షాల వాదమూ తేలికపడుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలో 1984లో ఆసుపత్రుల్లో చేరిన సుమారు 30,000 మంది కేసు షీట్లను హార్వర్డ్ వారు చదివి, ఫలితాలను 1991లో ప్రకటించారు. నూటికి దాదాపు నలుగురికి వైద్యం వల్లనే హాని జరిగింది, నూటికి ఒకరికి నిర్లక్ష్యం వల్ల. నిర్లక్ష్యం వల్ల దెబ్బతిన్నవారిలో కోర్టుకు వెళ్ళినవారు నూటికి ఇద్దరు కూడా లేరు. కోర్టుకు వెళ్ళిన వారిలో చాలామంది కేసుల్లో నిర్లక్ష్యమే కనబడలేదు. అంటే హద్దు పెట్టమనేవారు, తీసెయ్యమనేవారు కలిసి కొట్లాడుతున్నది ఇద్దరికి సంబంధించిన లెక్క. మిగతా తొంభై ఎనిమిది మందికి జరిగింది జరిగిందని చెప్పినవారెవరూ లేరు.

ఇప్పుడు డాక్టర్ల పక్షం. సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథము 38వ అధ్యాయం వైద్యుణ్ణి గౌరవించమంటుంది. వైద్యుణ్ణి కూడా దేవుడే సృజించాడని చెబుతుంది. మన జనం గౌరవించే పద్ధతి చూస్తున్నాం. బ్రతికితే దండ, చనిపోతే రాయి. దీనిని ఆపడానికే 2008లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది. 2022 మార్చిలో రాజస్థాన్‌లోని దౌసా జిల్లాలో, కాన్పు తరువాత రక్తస్రావంతో ఒక బాలింత చనిపోతే, వైద్యం చేసిన డాక్టరమ్మ మీద పోలీసులు హత్య కేసు పెట్టారు. తాను ఏ తప్పూ చేయలేదని వ్రాసిపెట్టి ఆమె ప్రాణం తీసుకున్నది. ఆమెకూ పిల్లలున్నారు. కాన్పు తరువాత వచ్చే రక్తస్రావం ఎంతటి నేర్పరి చేతిలోనైనా ఒక్కోసారి ప్రాణం తీస్తుంది. ఈ సంగతి శవం ముందు కూర్చున్నవాళ్ళకు ఎవరూ చెప్పరు, చెప్పినా వినబడదు.

మా విచారణకు చెందిన ఒక డాక్టరు ఒకనాడు నాతో భోజనం చేస్తూ తన గోడు చెప్పుకొన్నాడు. (పాపసంకీర్తనలో విన్నది కాదు. అలాంటిది అయితే ఇక్కడ వ్రాయను, ఎక్కడా వ్రాయను.) రోగి చనిపోయిన రోజున ఆ ఇంటికి వెళ్ళి రెండు నిమిషాలు కూర్చోవాలని అతనికి అనిపించిందట. తోటి డాక్టర్లు వద్దన్నారు. వెళ్తే తప్పు ఒప్పుకున్నట్టే అవుతుందన్నారు. లాయరు కూడా అదే చెప్పాడు. వెళ్ళలేదు. అప్పటినుండి చిక్కు కాన్పులన్నీ గుంటూరు పంపించేస్తున్నానన్నాడు. “నా పేరు మీద చావు పడకుండా చూసుకుంటున్నాను ఫాదర్, అంతే” అన్నాడు. ఆ పంపించడంలో దారిలో ఏమవుతుందో అతనికి తెలుసు, నాకూ తెలుసు.

మరి తప్పు ఎక్కడ మొదలవుతుంది? పునీత తోమాసు తన ‘సుమ్మా థియలోజికా’లో, అనుకోకుండా మనిషి చనిపోయినప్పుడు నేరం ఎవరిదనే ప్రశ్న వేసుకున్నారు. ఆయన జవాబు సూటిగా ఉంటుంది. చేయదగిన పని తగిన జాగ్రత్తతో చేస్తూ ఉండగా చావు సంభవిస్తే అతనిది దోషం కాదు. తగిన జాగ్రత్త తీసుకోకపోతే, చంపాలని అనుకోకపోయినా దోషం తప్పదు. ఏడు వందల యాభై ఏళ్ళ తరువాత మన కోర్టులు ఇంచుమించు ఇదే కొలబద్దతో కొలుస్తున్నాయి. డాక్టరు తన తోటివారిలో సామాన్యంగా ఉండవలసిన నేర్పు, శ్రద్ధ చూపాడా అని చూస్తాయి. రోగి చనిపోవడం ఒక్కటే నిర్లక్ష్యానికి రుజువు కాదు.

మోషే ధర్మశాస్త్రంలో ఇంకొక మాట ఉంది, అది నాకు ఈ విషయంలో మరింత పనికివచ్చింది. ఎద్దు ఒక మనిషిని పొడిచి చంపితే యజమాని నిర్దోషి. కానీ ఆ ఎద్దుకు పొడిచే అలవాటు ఉన్నదని ముందే తెలిసి, ఇరుగుపొరుగులు హెచ్చరించినా కట్టివేయకపోతే, యజమానికి ఆ చావులో పాలు ఉంటుంది. మన బాలింత సంగతికి వద్దాం. ఆ రాత్రి రక్తస్రావం రావడం ఎవరి తప్పూ కాకపోవచ్చు. కానీ కాన్పులు చేసే చోట ఏదో ఒక రాత్రి అది వస్తుందని అందరికీ తెలుసు. అది పొడిచే ఎద్దు. రక్తం దొరికే ఏర్పాటు లేకుండా, రాత్రిపూట డాక్టరు దగ్గరలో లేకుండా కాన్పులు ఒప్పుకున్నది ఎవరు? పరుగెత్తుకు వచ్చిన డాక్టరమ్మ జీతానికి పనిచేసే మనిషి. ఆసుపత్రి మరొకరిది. రాయి తగిలింది ఆమె అద్దాలకు, పోలీసులు వ్రాసుకున్నది ఆమె పేరు. ఎద్దు యజమాని ఆ రోజు ఊళ్ళోనే లేడు. పెద్దమనుషుల చేత నాలుగు లక్షలు పంపించాడు. జైలు ఉండాలా వద్దా అనే వాదమంతా డాక్టరు చుట్టూ తిరుగుతున్నది కాబట్టి యజమాని హాయిగా ఉన్నాడు.

ఇంతవరకు ఇతరుల సంగతి వ్రాశాను. నా సంగతి కూడా వ్రాయకపోతే ఈ వ్యాసం ఆ స్టాంపు కాగితంలాగే అవుతుంది.

నేను గురువునైన కొత్తలో, ఇప్పటికి పాతికేళ్ళ కిందట, వేరొక విచారణలో ఉన్నాను. అక్కడ కన్యస్త్రీలు నడిపే చిన్న డిస్పెన్సరీ ఉండేది. లెక్కలు, కాగితాలు నేను చూసేవాణ్ణి. ఒకరోజు జ్వరంతో వచ్చిన ఆరేళ్ళ పిల్లవాడికి సిస్టరు పిరుదు మీద ఇంజెక్షను ఇచ్చింది. సూది నరానికి తగిలింది. పాదం వాలిపోయింది, పిల్లవాడు కాలు ఈడ్చడం మొదలుపెట్టాడు. సూది పడకూడని చోట పడిందని సిస్టరుకు ఆ సాయంత్రమే తెలుసు. మర్నాడు నా దగ్గరకు వచ్చి, “ఫాదర్, వాళ్ళింటికి వెళ్ళి నా వల్ల జరిగిందని చెప్పి క్షమాపణ అడుగుతాను” అన్నది. నేను వద్దన్నాను. సంస్థ పేరు పోతుందన్నాను. పేదలకు అందుతున్న వైద్యం ఆగిపోతుందన్నాను. వైద్యం ఖర్చు మనమే పెడదాం, కారణం మాత్రం జ్వరమని చెబుదామన్నాను. కాలిపర్లు కొనిచ్చాం, బియ్యం కూడా పంపించాం. తల్లిదండ్రులు మాకు దండాలు పెట్టారు. ఆ దండాలు నేను తీసుకున్నాను.

అప్పుడు నేను చేసింది ఆ పెద్దమనుషులు చేసిన పనే. డబ్బు ఇచ్చి అబద్ధం కొన్నాను. పైగా అది ప్రేమసేవ అని పేరు పెట్టుకున్నాను.

పాపసంకీర్తన గురించి పిల్లలకు మనం ఏం నేర్పుతాం? పశ్చాత్తాపపడాలి, నోరు తెరిచి చెప్పాలి, నష్టం పూడ్చాలి. ఈ మూడూ కలిసే ఉంటాయి. జక్కయ ప్రభువు ముందు నిలబడి, అన్యాయంగా తీసుకున్నానని అందరూ వినేలా ఒప్పుకుంటూనే నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. మన చట్టం, మన రాజీలు ఈ మూడింటిని విడదీశాయి. పూడ్చినవాడు ఒప్పుకోనవసరం లేదు. ఒప్పుకుంటే చిక్కుల్లో పడతాడు. నోరు తెరిస్తే ఉరి అని ఏర్పాటు చేసి, డాక్టర్లు నిజం చెప్పడం లేదని వాపోవడంలో అర్థం లేదు.

దీనికి దారి చూసినవారు కొందరు ఉన్నారు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఒక సెనేటరు కుమార్తె సైకిలు మీద వెళ్తూ కారు కింద పడి చనిపోయింది. కారు నడిపినవాడు ఒక్కసారి కూడా క్షమించమనలేదు. అంటే కోర్టులో తప్పు ఒప్పుకున్నట్టవుతుందని అతనికి భయమని ఆ తండ్రికి తెలిసింది. అలా మొదలైన ప్రయత్నం వల్ల 1986లో ఆ రాష్ట్రం, ప్రమాదం తరువాత చెప్పే సానుభూతి మాటలను రుజువుగా వాడరాదని చట్టం చేసింది. ఇప్పుడు ముప్పైకి పైగా రాష్ట్రాల్లో అటువంటి చట్టాలున్నాయి. చాలాచోట్ల అవి ‘మీ బాధకు విచారిస్తున్నాను’ అనే మాటనే కాపాడుతాయి, ‘నా తప్పు’ అనే మాటను కాపాడవు. అందుకని అవి సగం దారి మాత్రమే. మిషిగన్ విశ్వవిద్యాలయపు ఆసుపత్రులు 2001 నుండి ఇంకొంచెం ముందుకు వెళ్ళాయి. పొరపాటు జరిగితే తామే చెప్పడం, తప్పు తమదైతే ఒప్పుకొని పరిహారం ఇవ్వడం, తమది కాకపోతే కోర్టులో గట్టిగా నిలబడడం. కేసులు పెరిగిపోతాయని భయపడినవారు ఉన్నారు. అవి తగ్గాయి. న్యూజిలాండులో 1974 నుండి, తప్పు ఎవరిదని తేల్చనక్కరలేకుండానే దెబ్బతిన్నవారికి ప్రభుత్వ నిధి పరిహారం ఇస్తున్నది. మన దేశానికి అంత డబ్బు ఎక్కడిదని మీరు అడగవచ్చు. కానీ నిజం చెప్పడానికి పెద్ద ఖర్చు కాదు.

కోర్టుకు వెళ్ళడం క్రైస్తవులకు తగదని కొందరు అనుకుంటారు. నేను అలా అనను. హైదరాబాదులోని నిమ్స్‌లో 1990లో ఇరవై ఏళ్ళ ఇంజనీరింగ్ విద్యార్థికి ఛాతీలోని కణితికి ఆపరేషన్ చేశారు. ముక్క తీసి పరీక్షించడానికే అనుమతి ఇచ్చాడు, కణితినే తీసేశారు. అతనికి నడుము కింద భాగం చచ్చుపడిపోయింది. పందొమ్మిదేళ్ళ తరువాత, 2009 మే నెలలో, సుప్రీంకోర్టు కోటి రూపాయలు ఇప్పించింది. అక్కడ తన కేసు తానే వాదించుకున్నాడు. తనకు హాని చేశారని తాను నమ్మినవారి మీద ద్వేషంగాని, తిట్టుగాని లేకుండా వాదించాడని న్యాయమూర్తులు మెచ్చుకున్నారు. నేను ప్రసంగపీఠం మీదనుండి క్షమ గురించి ఎన్నోసార్లు మాట్లాడాను. చక్రాల కుర్చీలో కూర్చొని, పగలేకుండా, హక్కు వదలకుండా నిలబడడం ఎలాగో ఆ తీర్పు చదివాకే కొంత తెలిసింది.

మీలో ఎవరికైనా ఇటువంటి కష్టం వస్తే, అద్దాలు పగలగొట్టవద్దు, ఆ రోజే ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దు. ముందు కేసు షీటు అడగండి. వ్రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల వృత్తి నియమాల్లో 2002 నుండి ఉంది. వినియోగదారుల కమిషనుకు వెళ్ళడానికి రెండేళ్ళ గడువు ఉంటుంది. వైద్యానికి చెల్లించినది అయిదు లక్షల లోపు అయితే ఫీజు లేదు. అందరికీ ఉచితంగా వైద్యం చేసే సర్కారు దవాఖానా అయితే ఆ కమిషనుకు వెళ్ళడానికి వీలులేదు, సివిల్ కోర్టే దిక్కు. అందరికన్నా పేదవాడికి అందరికన్నా కష్టమైన దారి మిగిలింది. చట్టం మార్చాలనేవారు ముందు ఇది మార్చితే బాగుండును.

ఆ తల్లికి మళ్ళీ కబురు పెట్టాను. డబ్బు బిడ్డకోసం వాడుకోమన్నాను. “ఆ బాకీ నీ మనుమరాలిది. ఆ కాగితంలో నువ్వు ఆలస్యం చేశావన్న మాట మాత్రం అబద్ధం. దేవుని ముందు దానికి విలువ లేదు” అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “ఆ డాక్టరమ్మ ఒకసారి మా ఇంటికొచ్చి ఆ రాత్రి ఏం జరిగిందో చెబితే బాగుండునండీ. నేనేమీ అనను” అన్నది. డాక్టరమ్మగారికి ఆ మాట చేరవేశాను. ఇంకా జవాబు రాలేదు. ఆమెను తొందరపెట్టే అర్హత నాకు లేదు.

సిస్టరు ఇప్పుడు ముసలిదైపోయి తమ మఠంలోనే ఉంటున్నది. మొన్న ఫోను చేసినప్పుడు, “ఫాదర్, ఆ పిల్లవాడు ఎట్లా ఉన్నాడో?” అని అడిగింది. ఇన్నేళ్ళూ ఆమె ప్రతి క్రిస్మసుకూ అడిగేది ఇదే ప్రశ్న. అతనికి ముప్పై దాటి ఉంటాయి. ఆ ఊరు మాకు బస్సులో మూడు గంటల దూరం. పాస్కా పండుగ ముగిసింది, పనుల వంక చెప్పడానికి కూడా ఏమీ లేదు. సిస్టరు తానూ వస్తానన్నది. వచ్చే గురువారం ఇద్దరమూ వెళ్ళాలని అనుకున్నాం. అతను మమ్మల్ని లోపలికి రమ్మంటాడో లేదో తెలియదు.